పిన్ని చిటికె

జూన్ 3

పిన్నికి నీ గువ్వ రాసేది.

ముందే చెబుతున్నాను, నా అక్షరాలు చూసి నవ్వకు. ఐదో తరగతిలో వదిలేసిన పెన్ను మళ్ళీ ఇప్పుడే పట్టుకున్నాను. ఒత్తులు పడాల్సిన చోట పడవు, పంక్తి మొదలుపెట్టిన చోట నుంచి కిందికి జారిపోతుంది. తప్పులు వచ్చిన చోట నువ్వే సర్దుకుని చదువుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ ఆయన జేబులో ఉంటుంది, ఆయన మిల్లులో కాటా దగ్గర ఉంటారు. సాయంత్రం ఆయన ఇంట్లో ఉండగా మాట్లాడితే ఈ రెండు గదుల క్వార్టర్స్‌లో వినపడకుండా ఉండదు. ఇది ఆయన వినే సంగతి కాదు.

నువ్వు క్షేమంగా చేరావా? పొద్దున్నే వెళ్తానన్నదానివి ఆ మధ్యాహ్నం మూడింటి బస్సుకే వెళ్ళిపోయావు. బేకరీ బట్టీ దగ్గర పనుందన్నావు. వచ్చీ రాగానే రెండు రోజులు సెలవు పెట్టానని నువ్వే చెప్పావు. నాకది గుర్తుంది. అయినా నేను అడ్డం చెప్పలేదు. సంచీ కూడా నేనే అందించాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఆడవాళ్ళు ప్రతి గురువారం ఒకరింట్లో టీ తాగుతారు. ఆ రోజు నా వంతని మర్చిపోయాను. నువ్వు తెచ్చిన డబ్బా లేకపోతే వాళ్ళ ముందు ఉత్త టీ కప్పులు పెట్టి నిలబడేదాన్ని. నీ ఊదా పెండలం బిస్కెట్లు పళ్ళెంలో పెట్టాను. పైన తెల్లని చక్కెర పొడి, ఎండిన మడిలా బీటలు, ఆ బీటల్లోంచి వంకాయ రంగు. ఇంజనీరు గారి భార్య ఒకటి తుంచి, లోపల వేలితో నొక్కి చూసి, "ఎంత మెత్తగా ఉన్నాయమ్మా! ఎవరు చేశారు?" అంది.

"నేనేనండీ" అన్నాను.

పిన్నీ, ఈ మూడు నెలల్లో వాళ్ళ ముందు నేను గట్టిగా అన్న మొదటి మాట అది. అదే అబద్ధం. నేను వచ్చిన కొత్తలో ఆవిడ ఏదో ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నాను. అప్పటి నుంచి నన్ను చూస్తే వాళ్ళు మాటలు చిన్నచిన్నగా తుంచి మాట్లాడతారు, పసిపిల్లకి అన్నం పెట్టినట్టు. ఆ ఒక్క పూట నన్ను పెద్దదాన్ని చూసినట్టు చూశారు. అందుకే నోరు జారింది.

ఇప్పుడు ఈ నెల 28న వాళ్ళ లేడీస్ క్లబ్‌కి మేనేజరు గారి భార్య వస్తోందట. అరవై బిస్కెట్లు చేసి పెట్టమన్నారు. రాదని చెప్పడానికి దారి లేదు. ఎలా చేయాలో అక్షరం పొల్లుపోకుండా రాయి.

ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. మేం ముందు గదిలో మాట్లాడుకుంటున్నప్పుడు నువ్వు పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్నావు కదా. మా మాటలేమైనా వినపడ్డాయా?

ఈ ఉత్తరం చదివాక కాల్చెయ్. ఎవరి కంటా పడకూడదు.

నీ గువ్వ

*

జూన్ 8

గువ్వకి పిన్ని దీవెనలు.

ఉత్తరం అందింది. కాల్చమన్నావు కదా అని చదవగానే బట్టీలో పడేశాను. అది బూడిదయ్యాక గుర్తొచ్చింది, ఎన్ని బిస్కెట్లో ఏ తారీఖో అందులోనే ఉన్నాయని. అరవయ్యా, ఎనభయ్యా? మళ్ళీ రాయి. బట్టీ మేస్త్రి చూసి, "ఏంటమ్మా, ప్రేమలేఖా?" అన్నాడు. "అవును, రాసినాయనకి పళ్ళన్నీ ఉన్నాయి" అన్నాను. ఆ బోసినోటి ముసలాయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

నేనే చేశానన్నావు, సరే. చేయడం నేర్చుకుంటే అది అబద్ధంగా ఎన్నాళ్ళో ఉండదు. విను.

పెండలం పచ్చిగా ఉన్నప్పుడు చెక్కకు, చేతులు దురద పెట్టి చస్తావు. తొక్కతోనే ఉడకబెట్టి, చల్లారాక వలిచి, ఉండ లేకుండా మెదుపు. గుడ్డలో వేసి తడి పిండెయ్. వెన్న, చక్కెర కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టు. ఒక గుడ్డు వేయి. పెండలం అరగ్లాసు, మైదా గ్లాసున్నర, రెండు చిటికెలు వంటసోడా, ఒక చిటికెడు ఉప్పు. చపాతీ పిండిలా పిసికావంటే రాళ్ళు తింటావు. కలిసీ కలవగానే చెయ్యి తీసెయ్. నిమ్మకాయంత ఉండలు చేసి చక్కెర పొడిలో దొర్లించు. ఇవి పదహారు అవుతాయి.

నీకు బట్టీ లేదు కదా. పెద్ద దాకలో రెండు గుప్పెళ్ళ ఇసుక పోసి, దాని మీద కంచం బోర్లించి, మూతపెట్టి బాగా వేడెక్కనివ్వు. ఆ పైన పళ్ళెంలో వాయికి ఆరు చొప్పున పెట్టి కాల్చు. నడుమ ఇంకా పచ్చిగా ఉందేమో అనిపించినప్పుడే దించాలి. అక్కడే అందరూ భయపడి ఇంకో నిమిషం ఉంచుతారు, మెత్తదనం పోతుంది. దించాక వేడి పళ్ళెం మీదే అవి కుదురుకుంటాయి. ఆ నిమిషం నీ చేతులు కట్టేసుకో.

నాకేం వినపడలేదు. కుళాయి అంత జోరుగా పడుతుంటే ఇంకేం వినపడుతుంది?

అల్లుడు బాగున్నాడా? కాటా మీద నిన్నోసారి నిలబెట్టి తూచమను. మొన్న చూస్తే పుల్లలా ఉన్నావు.

పిన్ని

*

జూన్ 12

పిన్నికి,

అరవై. 28వ తారీఖు. ఈసారి కాల్చే ముందు గోడ మీద రాసుకో. నా చేతిరాత ఈ ఉత్తరంలో ఇంకా అధ్వానంగా ఉంటే క్షమించు, వెన్న గిలక్కొట్టీ గిలక్కొట్టీ భుజం పట్టేసింది.

మొదటిసారి చేశాను. ఉండలుగా పెట్టినవి అప్పడాల్లా పరుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి. చక్కెర పొడి కరిగి మాయమైంది, పగుళ్ళు రాలేదు. ఇంట్లో వంటసోడా లేదు, రెండు చిటికెలకి ఏం పోతుందిలే అని మానేశాను. అందువల్లే అయ్యుండాలి. ఆయన వచ్చి పళ్ళెం చూసి, "అట్లు తియ్యగా ఉన్నాయే!" అన్నారు. ఏడవబోయి నవ్వాను.

ఇంకో పిడుగు. ఇంజనీరు గారి భార్య నిన్న గేటు దగ్గర ఆపి, "మా ఇంట్లో పెద్ద ఓవెన్ ఉందిగా, మా వంటింట్లోనే చెయ్యి. అందరం చుట్టూ నిలబడి నేర్చుకుంటాం" అంది. అంటే ఎనిమిది మంది ఆడవాళ్ళు నా చేతులనే చూస్తుంటారు. ఆ చేతులకి ఏమీ రాదని అక్కడే తేలిపోతుంది. రేడియో ఆంటీ కూడా ఉంటుంది. ఆవిడ పేరు అది కాదు, కాలనీలో ఏ వార్తయినా ముందు ఆవిడ నోట్లో మోగుతుందని అలా పిలుస్తారు.

నువ్వు వచ్చి ఒక నాలుగు రోజులు ఉండకూడదూ? పక్కనే ఉండి చూపిస్తే నాకు వస్తుంది. నిన్ను ఏ పనీ ముట్టుకోనివ్వను.

పిన్నీ, ఆ రోజు కుళాయి జోరుగా పడలేదు. మా పెరటి కుళాయికి మధ్యాహ్నం నీళ్ళు దారంలా వస్తాయి. ఒక గిన్నె నిండాలంటే పాట పాడుకోవచ్చు. నువ్వు ఎందుకలా రాశావో తెలుస్తోంది. ఆ సంగతి రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి కదల్లేదు. ఆయన మొన్న అడిగారు, "మీ పిన్ని అంత తొందరగా ఎందుకెళ్ళిపోయింది? రాత్రికి కబుర్లు చెప్పుకుందామనుకున్నానే" అని. పని పడిందట అన్నాను. ఆయనకీ అబద్ధమే.

కాల్చెయ్.

గువ్వ

*

జూన్ 16

గువ్వకి,

అరవై అని గోడ మీద బొగ్గుతో రాశాను. మేస్త్రి ఇది నా వయసా అని అడిగాడు. ఆయనతో మళ్ళీ మాటల్లేవు.

అప్పడాలు కావడానికి కారణం సోడా ఒక్కటే కాదు, పిండి వేడిగా ఉంది. కలిపాక గంటసేపు చల్లగా ఉండాలి. ఫ్రిజ్ లేకపోతే గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో దించి పైన తడిగుడ్డ కప్పు. ఉండని ముందు మామూలు చక్కెరలో దొర్లించి, తర్వాత పొడిలో దొర్లించు. పైన ఒకటి, లోపల ఒకటి, చొక్కా కింద బనియన్ లాగ. అప్పుడు పొడి తడి తాగదు. ఇది రాయడం మర్చిపోయాను, నా తప్పే. సోడా మానకు. రెండు చిటికెలు వేసి తీరాలి. అరవైకి కలిపేటప్పుడు నాలుగింతలు చెయ్యి, అంటే ఎనిమిది.

నేను రాను. నువ్వు చేసినట్టే ఉండాలంటే నేను అక్కడ ఉండకూడదు. అసలు నేనిక మీ క్వార్టర్స్ వైపు రాకపోవడమే అందరికీ మంచిది. ఎప్పుడైనా చూడాలనిపిస్తే నువ్వే అల్లుడితో రా.

కుళాయి సంగతి వదిలెయ్. దారంలా వస్తే దారంలా వచ్చింది.

పిన్ని

*

జూన్ 20

పిన్నికి,

ఈ ఉత్తరంలో తప్పులు దిద్దుకుంటూ కూర్చోను, అలా కూర్చుంటే ఇది నీకు చేరదు.

ఇక రానన్నావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. నాకు తగిన శిక్షే వేశావు. కానీ నా నోటితో నేను చెప్పకుండా ఆ శిక్ష మోయడం కూడా దొంగతనంలా ఉంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు వాళ్ళు ముగ్గురూ వచ్చినప్పుడు నువ్వు వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నావు. చెప్పుల చప్పుడు విని గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయావు. వెళ్తుంటే నేను ఆపలేదు. రేడియో ఆంటీ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చి కుర్చీలో కూర్చుంటూ, "అయితే నీకు పనిమనిషి దొరికిందన్నమాట! మూణ్ణెల్లుగా వెతుకుతున్నా, నాకు దొరకలేదు. మా ఇంటికీ రమ్మని చెప్పవూ?" అంది.

నేను "ఊఁ" అన్నాను.

అంతే పిన్నీ. కాదు, మా పిన్ని అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఆ మాట నాలుక మీదకి వచ్చింది. ఆవిడ చేతిలో నీ బిస్కెట్ ఉంది, అప్పటికే నేనే చేశానని చెప్పి ఉన్నాను. బేకరీ బట్టీలోంచి పళ్ళేలు లాగే మనిషి మా పిన్ని అంటే బిస్కెట్లు ఎవరివో తెలిసిపోతుంది. అది సగమే. రెండో సగం ఇంకా చెడ్డది. నీ చీర కొంగు తడిసి ఉంది, నీ కాళ్ళకి చెప్పులు లేవు. నువ్వు నా మనిషివని వాళ్ళకి తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. చూడు, రాసేశాను.

అప్పుడు ఇంజనీరు గారి భార్య కిటికీలోంచి నిన్ను చూసి, "ఆ కుడిచెయ్యి ఏంటి అలా ఉంది? వేళ్ళు కాలినట్టున్నాయే. అమ్మాయ్, ఆవిణ్ణి గిన్నెల వరకే ఉంచుకో, వంటకి పెట్టకు. ఆ చెయ్యి చూస్తే తినబుద్ధి కాదు" అంది. అంటూనే ఇంకో బిస్కెట్ తీసుకుంది.

నేను పళ్ళెం ఆవిడ దగ్గరికి జరిపాను.

నా జడ ఎనిమిదేళ్ళు అల్లిన చెయ్యి అది. జ్వరం వస్తే నా నుదుటి మీద ఉన్న చెయ్యి. దాని గురించి ఆ మాటంటే నేను పళ్ళెం జరిపాను.

నీకు ఇవన్నీ వినపడ్డాయి. అందుకే మూడింటి బస్సుకి వెళ్ళిపోయావు. తిట్టు పిన్నీ, నోరారా తిట్టు. రానని మాత్రం అనకు.

బిస్కెట్ల సంగతి కూడా చెప్పాలి కదా. నువ్వు చెప్పినట్టే చల్లబెట్టాను, చక్కెరలు రెండూ దొర్లించాను, సోడా రెండు చిటికెలు వేశాను. ఈసారి పైన చక్కగా బీటలు వచ్చాయి. కానీ బీటల్లోంచి ఊదా రంగు రాలేదు, నాచు రంగు వచ్చింది. పాచి పట్టిన గోడలా పచ్చగా, బూడిదగా ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే నాలుక మీద సబ్బు రుచి. పెండలం చెడ్డదేమోనని వేరే దుకాణంలో కొని మళ్ళీ చేశాను, మళ్ళీ అదే రంగు. ఆయన ఒకటి పూర్తిగా తిని నీళ్ళు తాగి, "రంగు సంగతి కళ్ళు మూసుకుంటే సరిపోతుంది. రుచికి ఏం మూసుకోవాలో తెలియట్లేదు" అన్నారు. ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి. నా పాపమే అలా పచ్చగా పొంగుతోందనిపిస్తోంది.

ఈ ఉత్తరం తప్పకుండా కాల్చెయ్. మిగతావి ఎలా ఉన్నా ఇది మాత్రం ఒక్క అక్షరం మిగలకూడదు.

గువ్వ

*

జూన్ 24

గువ్వా,

నీ పాపానికి రంగూ లేదు, పొంగూ లేదు. సోడా ఎక్కువైంది. సోడా ఎక్కువైతే ఊదా పెండలం పచ్చబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ ఊదాకి తిరుగుతుంది. ముందు బిస్కెట్లు బాగు చేద్దాం, తర్వాత మనిద్దరి సంగతి.

తప్పు నాది. రెండు చిటికెలు అని రాశాను. నా చిటికె వేరు, నీ చిటికె వేరు. నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ చేత్తోనే కొలుస్తున్నాను, ఇది అందరి చెయ్యి కాదని నాకే గుర్తు లేదు. నా చూపుడువేలు సగమే ఉంది, నడిమివేలు దానికి అంటుకుపోయింది. బొటనవేలూ ఆ మొండివేలూ కలిస్తే ఎంత అందుతుందో అదే నాకు చిటికె. నువ్వు నిండు వేళ్ళు మూడు పెట్టి తీస్తావు. నీ ఒక్క చిటికె నాకు మూడు. చూపుడువేలు మడిచి, కణుపుకీ బొటనవేలికీ మధ్య తీసి చూడు. అదే నా కొలత. అరవైకి అవి ఎనిమిది. పెండలం మెదిపేటప్పుడు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండు, రంగు నిలుస్తుంది.

ఇప్పుడు రెండోది. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

నువ్వు ఊఁ అనకముందే నేను అన్నాను. చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఆ లావుపాటావిడ నా పక్కన నిలబడి, "కొత్తగా చేరావా?" అని అడిగింది. నేను తల ఎత్తకుండా "అవునమ్మా" అన్నాను. అందుకే ఆవిడ లోపలికి వచ్చి అంత గట్టిగా పనిమనిషి దొరికిందంది. ఆవిడ ఊహించి అనలేదు. నేను చెబితేనే అంది.

ఎందుకన్నానో అడుగు. వాళ్ళ చీరలు చూశాను, నా కొంగు చూసుకున్నాను. చెప్పులు పట్టీ తెగి బస్సులోనే పోయాయి, ఆ సంగతి నీకు చెప్పలేదు. గువ్వ ఇంత మంచి ఇంట్లో కుదురుకుంటోంది, నన్ను చూసి పిల్లని తక్కువ చేస్తారు అనుకున్నాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మీ అమ్మని అడిగి ఐదుగురు పిల్లల్లోంచి నిన్ను తెచ్చుకున్నదాన్ని. ఇది నా పిల్ల అని అనడానికి నోరు రాకపోతే ఆ పెంచడం ఎందుకు? బస్సులో కూర్చున్నాక అదే తలుచుకున్నాను. నిన్ను కాదన్నది నేను అనుకున్నాను. ఆ మొహంతో రాత్రి అల్లుడి ముందు కూర్చుని కబుర్లు చెప్పలేక వెళ్ళిపోయాను. రానన్నది కూడా అందుకే. మళ్ళీ వస్తే మళ్ళీ ఎవరో అడుగుతారు, మళ్ళీ నువ్వు ఇరుకున పడతావని. అది శిక్ష కాదు పిచ్చిదానా, శిక్ష వేయడానికి నేనెవరు?

చెయ్యి మాట కూడా వినపడింది. దానికి నువ్వు కుమిలిపోకు. బేకరీలో చేరిన మొదటి నెలలో గుడ్డ లేకుండా పళ్ళెం లాగాను, కాలింది. ఆ మాట ఇప్పటికి నలభై చోట్ల విన్నాను. చూస్తే తినబుద్ధి కాదంటూ ఆ చెయ్యి చేసిందే తింటుంటే కుళాయి దగ్గర నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచాను. ఆ చప్పుడు నీకు వినపడలేదా?

నీ తప్పు నా తప్పులో పోయింది. ఇక ఇద్దరం ఊరుకుందాం. 28న నువ్వే చేశానని ధైర్యంగా చెప్పు. నిజంగా నువ్వే చేస్తావుగా.

నీ ఉత్తరం కాల్చమన్నావు. బట్టీ ముందు రెండుసార్లు నిలబడ్డాను.

పిన్ని

*

జూన్ 29

పిన్నికి నీ గువ్వ.

రాత బాగోలేదని ఈసారి కూడా రాయాలి, బాగోలేదు కాబట్టి. మిగతాది నిన్న జరిగినది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఇంజనీరు గారి వంటింట్లో ఎనిమిది మంది, మేనేజరు గారి భార్యతో తొమ్మిది. గచ్చు బల్ల చుట్టూ నిలబడ్డారు. పెండలం ఇంటి దగ్గరే ఉడికించి మెదిపి, నిమ్మరసం పిండి తీసుకెళ్ళాను. వెన్న గిలక్కొట్టాను. సోడా డబ్బా తెరిచి, నువ్వు రాసినట్టు చూపుడువేలు మడిచి, కణుపుతో తీసి వేశాను. ఒకటి, రెండు, మూడు.

"అదేం చిటికె?" అంది ఇంజనీరు గారి భార్య. "వేలు అలా ముడిచావేం, దెబ్బ తగిలిందా?"

"లేదండీ. కొలత ఇదేనండీ."

"ఎవరు పెట్టిన కొలతమ్మా ఇది?" అని నవ్వింది రేడియో ఆంటీ.

చేయాల్సినవి ఇంకా ఐదు చిటికెలున్నాయి. బస్తీలో నేర్పారనో, పుస్తకంలో ఉందనో అనొచ్చు. పుస్తకం మాట నా నోట్లోంచి వస్తే వాళ్ళే నవ్వేవాళ్ళు. నేను చెయ్యి చూసుకున్నాను. మడిచిన వేలితో అది అచ్చం నీ చెయ్యిలా ఉంది.

"మా పిన్ని కొలతండీ. ఆవిడ బేకరీలో బట్టీ దగ్గర పని చేస్తుంది. చూపుడువేలు సగమే ఉంటుంది" అన్నాను.

రేడియో ఆంటీ నవ్వు ఆగిపోయింది. ఆవిడకి ముందు వెలిగింది. "ఆ రోజు మీ కుళాయి దగ్గర..." అంది.

"ఆవిడేనండీ. నన్ను పెంచింది. అప్పుడు మీరు తిన్నవి కూడా ఆవిడ చేసినవే, నేను చేయలేదు."

ఓవెన్ లోపల ఏదో టిక్కుటిక్కుమంటోంది. ఇంజనీరు గారి భార్య ముఖం కందిపోయింది. తను ఏమందో ఆవిడకి గుర్తొచ్చింది. "అదేంటమ్మా, చెప్పొద్దూ! నాకేం తెలుసు?" అంది.

"చెప్పడానికి సిగ్గుపడ్డానండీ" అన్నాను.

మిగిలిన ఐదు చిటికెలు వేశాను.

అరవై వచ్చాయి పిన్నీ. ఊదా రంగు బీటలు, పైన పొడి చెదరలేదు, నడుమ మెత్తగా కుదురుకున్నాయి. మేనేజరు గారి భార్య నాలుగు తింది, ఆవిడకి ఈ గొడవ ఏంటో తెలియదు. ఇద్దరు పళ్ళెం పక్కవాళ్ళకి అందించి ఊరుకున్నారు. అకౌంటెంటు గారి భార్య నా భుజం మీద చెయ్యి వేసి, "పాపం" అంది. ఎవరికి పాపమో అడగలేదు. ఆ జాలి కన్నా వాళ్ళు తిట్టినా బాగుండేది. ఇంజనీరు గారి భార్య వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చింది, ఏదో అనబోయి, "డబ్బా మర్చిపోయావు" అని చేతికిచ్చింది. రేడియో ఆంటీ మాత్రం ఆరు బిస్కెట్లు కాగితంలో చుట్టుకుని, "మీ పిన్ని వస్తే చెప్పు, ఆ రోజు అడిగింది ఈసారి ఇంకోలా అడుగుతా" అంది. ఈపాటికి కాలనీ అంతా తెలిసే ఉంటుంది. తెలియనీ.

సిగ్గు పోయిందనుకోకు. పోలేదు. ఇన్నాళ్ళూ లోపల దాక్కునేది, నిన్న ఆ వంటింట్లో అందరి మధ్య నా పక్కనే నిలబడింది.

నా తప్పు నీ తప్పులో పోయిందని రాశావు. ఆ లెక్క నేను ఒప్పుకోను. అవునమ్మా అని నువ్వన్నది నా కోసం. ఊఁ అని నేనన్నదీ నా కోసమే. రెండూ ఒకటి ఎలా అవుతాయి? నువ్వు నా వంతు మోయకు. అది నా దగ్గరే ఉండాలి.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి మొత్తం చెప్పాను. ఆయన కంచం పక్కకి జరిపారు. కోపమొచ్చిందనే అనుకున్నాను. "నేను కూడా మా ఆఫీసులో, మా అత్తగారికి బేకరీ ఉందని చెప్పాను" అన్నారు. ఎప్పుడు అంటే, పెళ్ళయిన వారమే అట. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. పొద్దున్న ఆయన డ్యూటీకి వెళ్తూ, "వాళ్ళకి చెప్పేస్తాను" అన్నారు. చెబుతారో లేదో నాకు తెలియదు. నేను అడగను.

నీకు సెలవు దొరికినప్పుడు రా. నీ పాదం కొలత నాకు తెలుసు, చెప్పులు కొని గుమ్మం పక్కన పెట్టాను. గురువారం వచ్చినా పరవాలేదు. పెరటి వైపు నుంచి రాకు, ముందు తలుపు తీసే ఉంటుంది. ముందు గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి, ఒకటి నీది, మిగిలినవాళ్ళు సర్దుకుంటారు. గిన్నెలు నేను కడుగుతాను.

చదివాక కాల్చె అని అలవాటుగా ఇక్కడ రాశాను. కొట్టేశాను, కింద కనిపిస్తూనే ఉంటుంది. బట్టీ ముందు రెండుసార్లు నిలబడీ నువ్వు కాల్చని ఆ ఉత్తరం పక్కన దీన్నీ పెట్టు. మేస్త్రి అడిగితే చదివి వినిపించు, మా పిల్ల రాసిందని చెప్పు.

నీ గువ్వ